గీత మీది పన్ను

పళ్ళ ఆస్పత్రి కింది అంతస్తులో, ఎక్స్‌రే గది దాటాక ఎడమవైపు చివరి గది ఆయనది. గోడ పొడుగునా అరలు, అరల నిండా ప్లాస్టర్ నోళ్ళు. పై దవడా కింది దవడా జతగా, ఒక్కోదాని వెనక పెన్సిలుతో నంబరు. ఆ గదికి మనుషులు రారు, వాళ్ళ నోటి అచ్చులే వస్తాయి. వాటి మీద మైనంలో పళ్ళు నిలబెట్టి, ఉడికించి, సానబెట్టి, కట్టుడుపళ్ళుగా పైకి పంపుతాడాయన. రోజంతా రబ్బరు గిన్నెలో ప్లాస్టర్ కలుపుతూ కనిపిస్తాడు కాబట్టి ఆస్పత్రిలో అందరూ పళ్ళ మేస్త్రి అంటారు. ఇరవై రెండేళ్ళ నుంచీ అదే గది, అదే పని.

ఆయన భార్యది పై అంతస్తు. టోకెన్ల బల్ల దగ్గర కూర్చుని నంబర్లు పిలుస్తుంది. మైకు ఉంది కానీ వాడదు. “ముప్పై నాలుగూ” అంటే మెట్ల దాకా వినిపిస్తుంది. పిలవడంతో పాటు ఇంకో పని కూడా ఎవరూ అప్పజెప్పకుండానే ఆమెకు చేరింది. పన్ను పీకించుకుని దూది కొరుక్కుంటూ బయటికి వచ్చేవాళ్ళకు లోపల డాక్టర్లు చెప్పింది సగం కూడా తలకెక్కి ఉండదు. వాళ్ళను పక్కన కూర్చోబెట్టి ఆమె మళ్ళీ చెబుతుంది. అరగంట దాకా దూది వదలొద్దు, ఉమ్మకండి, మింగేయండి, ఈ పూట వేడివి తాగొద్దు. గొట్టం పెట్టి పీల్చారంటే గడ్డకట్టిన నెత్తురు ఊడొచ్చేస్తుంది, అప్పుడు నొప్పంటే ఏంటో తెలుస్తుంది. రేపట్నించి ఉప్పునీళ్ళు. ఒకసారి ఒక పెద్దాయన, సిగరెట్టు తాగొచ్చా అని సైగ చేశాడు.

“మొన్న ఒకాయన ఇలాగే అడిగాడు బాబాయ్. మళ్ళీ వచ్చాడు. లోపల కూర్చున్నాడు, పలకరించి వెళ్ళండి” అంది ఆమె.

తన భర్త గురించి కూడా బల్ల దగ్గర ఆమె చెప్పే మాట ఒకటుంది. ఆయనకు మొహాలు గుర్తుండవని, ఎవరైనా నవ్వితేనే ఫలానా వాళ్ళని చెబుతాడని. ఆ మాట చెప్పి తను నవ్వేది. నవ్వినప్పుడు అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేది. పై వరసలో కుడివైపు కోరపన్ను మిగతా పళ్ళకంటే కాస్త ముందుకొచ్చి నిలబడి ఉంటుంది. పెళ్ళిచూపుల రోజు తలుపు సందులోంచి మేస్త్రి మొదట చూసింది ఆ పన్నునే. అప్పటికి ఆయన పనిలో చేరి రెండు నెలలు. వరస తప్పిన పన్నును ఎలా వరసలో పెట్టాలో నేర్చుకుంటున్న రోజులు. ఇది మాత్రం ఇలాగే ఉండాలనిపించింది. ఆ సంగతి ఎప్పుడూ ఆమెతో అనలేదు.

వాళ్ళకు పిల్లల్లేరు. సాయంత్రం అయిదింటికి ఆమె తన తల్లికి ఫోన్ చేస్తుంది. తల్లి వేరే ఊళ్ళో కొడుకు దగ్గర ఉంటుంది. ఆరేళ్ళ కిందట ఆ ముసలావిడకు చూపు పోయింది. అయిదయ్యేసరికి ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుందట. కూతురు రెండు మాటలు మాట్లాడితే చాలు, తిన్నదీ లేనిదీ, జలుబు రాబోతున్నదీ చెప్పేస్తుంది. “మొహం చూసేటప్పుడు నీ అబద్ధాలు తెలిసేవి కాదే, ఇప్పుడు అన్నీ తెలుస్తున్నాయి” అనేది.

మొదట అన్నం తిన్నాక మేస్త్రి భార్యకు కుడివైపు చిగురు పైన ఏదో ఇరుక్కున్నట్టు ఉండేది. తర్వాత అంగిట్లో శనగగింజంత వాపు నాలుకకు తగిలింది. అందరికీ చెప్పే ఉప్పునీళ్ళు ఆమె కూడా పుక్కిలించింది. రెండు నెలలు పుక్కిలించింది. బల్లకు పది అడుగుల దూరంలో డాక్టర్లున్నారు, ఇంట్లో ఇరవై రెండేళ్ళుగా నోళ్ళతో పనిచేసే మనిషి ఉన్నాడు. చూడనా అని ఆయన అడగలేదు, చూడండని ఆమె అనలేదు. ఆస్పత్రిలో రోజూ చూసేది ఇంట్లో కూడా దేనికని ఇద్దరికీ ఉండేది. ఒక దవడపన్ను దానంతటదే కదలడం మొదలుపెట్టాక ఆమె ఒకరోజు భోజనాల వేళ నంబరు లేకుండా లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చుంది. డాక్టరమ్మ దీపం దగ్గరికి లాక్కుని చూసింది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. పది రోజులకు క్యాన్సర్ అని తేలింది.

డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది. మేస్త్రి అరలోంచి తెచ్చిన పై దవడ అచ్చు ఒకటి చేతిలో పట్టుకుంది. నోటికి పైకప్పు ముక్కుకు నేల అని చూపించింది. కుడివైపు సగం కప్పు, దాని పళ్ళతో, ఎముకతో సహా తీసేయాలి. తీశాక నోరూ ముక్కూ కలిసిపోయి ఒకే గది అవుతాయి. తాగిన నీళ్ళు ముక్కులోంచి వస్తాయి, మాట కూడా అటే పోతుంది. అందుకే ఆపరేషన్‌కు ముందే ఒక ప్లేటు చేయించి, ఆపరేషన్ బల్ల మీదే ఆ ఖాళీకి మూతలా బిగిస్తారు. మెలకువ వచ్చేసరికి కప్పు ఉంటుంది. మర్నాడు గుక్కెడు నీళ్ళు తాగొచ్చు, మూడో రోజుకు మాట్లాడొచ్చు. గాయం మానాక దాని స్థానంలో పళ్ళతో ఉన్న ప్లేటు.

రోగులు ఎక్కడెక్కడ తల ఊపుతారో అక్కడ ఆమె కూడా తల ఊపింది. బయటికి వచ్చాక, నీళ్ళు తాగొచ్చన్నది మర్నాడా మూడో రోజా అని భర్తను అడిగింది. ఆయనకూ గుర్తు లేదు. ఆమె మళ్ళీ లోపలికి వెళ్ళి అడిగింది. కాసేపాగి ఇంకోసారి వెళ్ళింది. మూడోసారి తలుపు దగ్గరే నిలబడి నవ్వబోయి ఆగింది.

“ఇన్నేళ్ళూ జనం ఒక్కటే మాట ఎన్నిసార్లు అడుగుతారో అని విసుక్కునేదాన్ని డాక్టరమ్మా. చెవుల దాకా వస్తోంది, లోపలికి పోవట్లేదు.”

మూడోసారి వెళ్ళింది మాత్రం వేరే సంగతికి. తల్లికి ఇది చెప్పకూడదని ఆమె అప్పటికే నిర్ణయించుకుంది. తమ్ముడు కాలు విరగ్గొట్టుకున్నప్పుడు ఆ ముసలావిడ అయిదు రోజులు ముద్ద ముట్టలేదు. అందుకని, ఆఫీసువాళ్ళు ట్రైనింగుకు పంపుతున్నారని, అక్కడ ఫోన్లు కుదరవని, నాలుగో రోజు సాయంత్రం తప్పకుండా చేస్తానని చెబుతుంది. నాలుగో రోజుకు తన గొంతు తన గొంతులా ఉంటుందా అన్నది ఆమె ప్రశ్న.

“ప్లేటు సరిగ్గా కూర్చుంటే మీ అమ్మగారు గుర్తుపడతారు. జలుబు చేసిందనుకుంటారు, అంతే” అంది డాక్టరమ్మ. అని, ఆమె వెనకే వచ్చి నిలబడ్డ మేస్త్రి వైపు చూసింది. ఈ ఒక్కటీ బయట ల్యాబులో చేయిద్దామని, సొంతవాళ్ళ మీద మేం కత్తి పట్టం కదా, మీకూ అదే పద్ధతి మంచిదని చెప్పింది. బయటివాళ్ళకు ఆమె నోరు తెలియదని ఆయన అన్నాడు. ఆమె కూడా, ఆయనే చేయాలంది.

కొలత తీసింది డాక్టరమ్మ. అచ్చు పోసింది మేస్త్రి. గట్టిపడ్డాక దాన్ని పైకి తీసుకెళ్తే, డాక్టరమ్మ నీలం పెన్సిలుతో దాని మీద గీత గీసి ఇచ్చింది. ఈ పనిలో పద్ధతి అదే. రేపు రోగి నోట్లో ఎక్కడెక్కడ కోస్తారో, మేస్త్రి ముందుగా అచ్చు మీద అదంతా కోసేయాలి. కోసిన అచ్చు మీద ప్లేటు తయారవుతుంది. దాన్ని ముందు నోట్లో పెట్టి చూసుకునే వీలుండదు, పళ్ళు ఇంకా అక్కడే ఉంటాయి గనక. గీత సరిగ్గా ఉండాలి, కోత గీత మీద పోవాలి. గీత ఏదైనా పంటి మీదుగా వెళ్తే ఆ పన్ను కూడా పోతుందని అర్థం. ఆ పంటి గుంట మధ్యలోంచి ఎముక కోస్తారు, పక్క పంటికి దన్ను మిగలాలని.

మధ్యాహ్నం గదిలో ఎవరూ లేనప్పుడు ఆయన రంపం తీశాడు. ముందు చివరి దవడపన్ను కోశాడు. తర్వాత దాని ముందుది. తర్వాత రెండు చిన్నవి. ప్లాస్టర్ పొడి ఒళ్ళో పడింది. తడి సుద్ద వాసన. ఇలాంటి అచ్చులు ఆయన పదిహేడు కోశాడు. వాళ్ళెవరో తెలియదు. ఎప్పుడూ చెయ్యి ఆగలేదు. ఈసారి కోరపన్ను దగ్గర ఆగింది.

గీత దాని నెత్తిమీదుగానే వెళ్ళింది. ఊది చూశాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు. పెన్సిలు మొద్దుది. గీత మందంగా ఉంది. మందంలో సగం పంటి వెనక సందులో కూడా ఉంది. సందులోనే గీయబోయి ఉంటుందనుకున్నాడు. పైగా ఆ పన్ను ఉంటే, ప్లేటును పళ్ళకు పట్టి ఉంచే తీగ కొక్కేనికి మంచి ఆధారం. నోట్లో అన్నిటికంటే పొడుగు వేరు ఉండేది దానికే. కొక్కెం దానికి తగిలిస్తే ప్లేటు జన్మలో కదలదు. పనివాడిగా ఆలోచిస్తే అదే సరైందని తోచింది. ఒక్క అంతస్తు ఎక్కి అడిగితే డాక్టరమ్మ ఒక్క మాటలో చెప్పేది. అడిగితే ఏమంటుందో తెలుసు కనక ఆయన మెట్లెక్కలేదు.

రంపం పక్కన పెట్టి తీగ వంచడం మొదలుపెట్టాడు. అంత నున్నటి ప్లేటు ఆయన ఎప్పుడూ చేయలేదు. నాలుకకు ఎక్కడా గరుకు తగలకూడదని రెండుసార్లు సానబెట్టాడు. నీళ్ళ డబ్బాలో వేసి థియేటరుకు పంపాడు. డాక్టరమ్మ మూత తీసి చూడలేదు. ఈ చేతి పనిని తరచి చూసే అలవాటు ఆస్పత్రిలో ఎవరికీ లేదు.

ఆపరేషన్ అనుకున్నదానికంటే గంటన్నర ఎక్కువ పట్టింది. డాక్టరమ్మ బయటికి వచ్చి ముఖానికున్న గుడ్డ తీసి, జబ్బు అంతా వచ్చేసిందని, కోసిన అంచులు శుభ్రంగా ఉన్నాయని ముందు చెప్పింది. తర్వాత ఆయన పక్కన బెంచీ మీద కూర్చుంది.

“గీత పంటి మీదే ఉంది కదండీ.”

ఆయన తల ఊపాడు.

“ఆ పన్ను కిందే ఎముక మెత్తబడి ఉంది. ఉంచే ప్రశ్నే లేదు. తీశాక మీ కొక్కెం గాల్లో వేలాడింది. ముందువైపు వేలు పట్టేంత సందు. తీగలతో కట్టాను, గాజుగుడ్డ కుక్కాను. కదులుతూనే ఉంటుంది. పదో రోజు దాకా మళ్ళీ కొలత తీయలేం.”

తప్పెవరిదని ఆమె అనలేదు. తను కూడా డబ్బా తెరిచి చూసుకోవాల్సిందని అంది. వెళ్తూ వెళ్తూ, ఇంట్లో ఎవరో ఒకరు తోడుంటే మంచిదని అందరికీ చెప్పే మాటే చెప్పి వెళ్ళింది.

మర్నాడు గుక్కెడు నీళ్ళు తాగితే సగం ముక్కులోంచి వచ్చాయి. ఆమె తుడుచుకుని, ఇలాగే ఉంటుందేమోనని మళ్ళీ తాగింది. మూడో రోజు మాట్లాడింది. మ, న వినిపించాయి. ప, క, ట అన్నవి అన్నీ ముక్కులోకి జారిపోయి ఒకే మూలుగులా వచ్చాయి. కదిలే ప్లేటు మాటమాటకూ టిక్కుమంది. పక్క మంచం ఆవిడ, ఏంటంటోంది అన్నట్టు మేస్త్రి వైపు చూసింది. ఆయనకు మాత్రం అర్థమవుతూనే ఉంది. ఇరవై రెండేళ్ళుగా వింటున్నాడు. ఆమె ఏం అనబోతుందో అనకముందే తెలుసు.

నాలుగో రోజు నాలుగున్నరకు ఆమె లేచి కూర్చుని జుట్టు దువ్వుకుంది. ఫోను చేతిలోకి తీసుకుని, ఎలా ఉంది నా గొంతు, అమ్మకు తెలుస్తుందా అని అడిగింది. అడగడానికే నాలుగుసార్లు ఆగాల్సి వచ్చింది.

“బాగానే వినిపిస్తోంది” అన్నాడు.

ఆమె ఆయన మొహం చూసింది. ఆయన గొంతులో అబద్ధం పట్టేంత చెవి ఆమెకు లేదు. అది తల్లిది. నంబరు నొక్కింది. అవతల మొదటి రింగుకే ఎత్తిన చప్పుడు. “అమ్మా” అంది. అది బాగానే పలికింది. తర్వాత, నేనే, పని ఎక్కువగా ఉంది, తిన్నావా, మాత్రలు వేసుకున్నావా అని చెప్పుకుపోయింది. అవతలి గొంతు ఫోను బయటికి వినపడేంత గట్టిగా వచ్చింది.

“ఎవరమ్మా నువ్వు? ఎవరు కావాలి?”

“అమ్మా” అంది మళ్ళీ. తన పేరు చెప్పింది. ఆ పేరులో మొదటి అక్షరం క. ఆ గాలి అంతా ముక్కులోంచి పోయింది. ఇంకోసారి చెప్పింది. గుడ్డ తడిసి గడ్డం మీదికి కారింది.

“మా అమ్మాయి ఫోన్ చేసే టైమిది. లైను ఖాళీగా ఉంచాలి. పెట్టేయమ్మా.”

తల్లి పెట్టేసింది. ఆమె ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మేస్త్రి తువ్వాలు అందిస్తే తీసుకోలేదు. నర్సు పలక, సుద్దముక్క తెచ్చి ఇచ్చింది. ఆరింటికి ఆమె పలక మీద, తమ్ముడికి చెప్పి అక్కకు ట్రైనింగు పొడిగించారని అమ్మతో అనిపించండి అని రాసి భర్త వైపు తిప్పింది. ఆయన వరండాలోకి వెళ్ళి చేశాడు. ఆ సాయంత్రం ముసలావిడ తొమ్మిదింటి దాకా ఫోను ఒళ్ళోంచి తీయలేదని మర్నాడు ఫోనులో బావమరిది చెప్పాడు. ఆ సంగతి మేస్త్రి లోపలికి వచ్చి చెప్పలేదు.

ఏడో రోజున చెప్పాడు, తన సంగతి. మంచం పక్క స్టూలు మీద కూర్చుని, ఎవరి నోటి గురించో చెబుతున్నట్టు చెప్పాడు. గీత పంటి మీద ఉందని, చూశానని, పన్ను కోయలేకపోయానని. ప్లేటు కదలడం ఆపరేషన్ వల్ల కాదు, నా వల్లని. ఆమె పలక తీసుకుంది. పాత రాత తుడిచింది. తర్వాత రాసింది.

ఆ పన్ను నాకెప్పుడూ నచ్చలేదు.

ఆయన చదివాడు. ఆమె తుడిచి మళ్ళీ రాసింది. ఊళ్ళో అందరి పళ్ళూ సరిచేస్తారు, నాది కూడా చేస్తానంటారేమోనని చాన్నాళ్ళు చూశాను. చెయ్యి అడ్డం పెట్టుకునేది అందుకే.

ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. గోళ్ళ సందుల్లో ప్లాస్టర్ ఉంది. ఆమె పలకను మళ్ళీ తుడిచింది. ఈసారి అక్షరాలు పెద్దవిగా, ఒత్తి రాసింది. సుద్దముక్క విరిగింది.

పన్ను సంగతి సరే. బాగానే వినిపిస్తోందని ఎందుకన్నారు?

ఆయన తల దించుకుని విరిగిన సుద్దముక్క ఏరాడు. ఆమె పలక బోర్లించి అటు తిరిగి పడుకుంది.

పదో రోజు గుడ్డ తీసి కొత్త కొలత తీశారు. ఆ అచ్చులో కుడివైపు పళ్ళు లేవు, కప్పు లేదు, కోయాల్సింది ఏమీ మిగల్లేదు. పాత అచ్చు బల్ల మీదే ఉంది, కోసిన అంచున కోరపన్ను ఒక్కటీ నిలబడి ఉంది. ఆయన దాన్ని కోయకుండానే అరలో వెనక్కి పెట్టాడు. కొత్త ప్లేటు కొక్కేలు ఎడమ దవడపళ్ళకూ ముందు పళ్ళకూ పెట్టాడు. పూర్తయ్యాక అచ్చుతో సహా పైకి తీసుకెళ్ళి, మూత తీసి డాక్టరమ్మ ముందు పెట్టి, చూడమన్నాడు. ఆమె చూసేదాకా నిలబడ్డాడు.

ప్లేటు పెట్టుకుని నీళ్ళు తాగితే ముక్కులోంచి రెండు చుక్కలు వచ్చాయి. మర్నాడు దాన్ని కాస్త పెంచాడు. అవీ ఆగాయి. ఇంటికి వచ్చాక రోజూ వంటగదిలో నిలబడి ఆమె నంబర్లు పిలిచేది, ఒకటీ, రెండూ, మూడూ. ఆయన ముందుగదిలో కూర్చుని వినేవాడు.

“ఎలా ఉంది?” అనేది.

“మూడు బాగుంది. ఒకటి దగ్గర గాలి పోతోంది. పది అసలు తెలియట్లేదు.”

“పాతిక?”

“అదీ లేదు.”

ఆమె మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేది. పాత గొంతు కాదది. డాక్టరమ్మ ముందే చెప్పింది, దగ్గరగా వస్తుంది, అదే రాదు. ఆస్పత్రిలో టోకెన్ల బల్ల దగ్గర వేరే అమ్మాయిని కూర్చోబెట్టారు. ఆ అమ్మాయి మైకు వాడుతుంది.

ఇరవయ్యో రోజు సాయంత్రం అయిదింటికి ఆమె తల్లికి ఫోన్ చేసింది. ఆయన్ను ఎలా ఉందని అడగలేదు. ఆయన లేచి బయటికి వెళ్ళబోతే చేత్తో ఆగమంది, ఫోను స్పీకరు మీద ఉంచి ఇద్దరి మధ్యా పెట్టింది.

“అమ్మా, నేనే.”

అవతల ఫోను ఇంకో చెవికి మార్చుకున్న చప్పుడు.

“నువ్వేనటే?”

“నేనే అమ్మా.”

“నీ గొంతేంటే అలా ఉంది? బానలోంచి మాట్లాడుతున్నట్టుంది.”

జలుబు చేసిందని చెప్పింది. ఇన్ని రోజులు ట్రైనింగేంటని ముసలావిడ కోప్పడింది. తర్వాత, తిన్నానంది, మాత్రలు వేసుకున్నానంది, కోడలు మంచిదే కానీ కూరలో ఉప్పు వేయదంది. మధ్యలో ఆగింది.

“ఆ రోజు నీ టైముకి ఎవరో చేశారే. నాలుగో రోజు చేస్తానన్నావు చూడు, ఆ రోజే. ఎవరో ఆడమనిషి. అమ్మా అమ్మా అంటుంది, మిగతాదొక్క ముక్క తెలిస్తే ఒట్టు. నువ్వు చేస్తావని లైను పెట్టేశాను. పెట్టేశాక మనసొప్పలేదు. మళ్ళీ చేస్తుందేమో, నంబరు తప్పని నిదానంగా చెబుదామని కూర్చున్నా. చేయలేదు.” మళ్ళీ తనే అంది, “ఏదో కష్టంలో ఉన్నట్టుంది. ఎవరి బిడ్డో పాపం.”

మేస్త్రి నేల చూశాడు. ఆమె అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఫోనులో తల్లి, విన్నావా అంటోంది.

“విన్నానమ్మా” అంది, చెయ్యి తీసి.

“సరే, జాగ్రత్త. ఉప్పునీళ్ళు పుక్కిలించు.”

“పుక్కిలిస్తాను” అంది ఆమె.

ప దగ్గర గాలి పోయింది. క పలికింది. పెట్టేశాక ఆమె ఆయన వైపు తిరిగి చూసింది. ఆయన ఆ రెండు అక్షరాల సంగతీ ఉన్నదున్నట్టు చెప్పాడు.